పాత పుస్తకములోని గవి

(రాంగోపాల్‌పేటలో గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. చందాలు వసూలు చేయవలెను. చిరిగిన పుస్తకములకు అట్టలు వేయింపవలెను. చెదలను, వానకారుటను కాచుకొనవలెను. పట్టుకొనిపోయిన పుస్తకమును తిరిగి తెప్పించుకొనవలెను. ఈ పనులన్నియు చేసినవారి ఓర్పునకు మొదట నా వందనములు. గ్రంథాలయోద్యమము గొప్పతనమును గూర్చి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చియున్నారు. నేను మరల దానినే చెప్పక, ఎవరును చదువని ఒక పాత వ్యాసము ఏమి పని చేయగలదో తెలుపు ఒక వృత్తాంతమును మీముందు పెట్టదలచితిని. అది కర్నూలు సీమలోని ఒక గవి కథ. గుహను ఆ సీమవారు గవి అందురు. కనుక నేనును ఆ మాటనే వాడెదను.

మన ఊరినుండి కర్నూలు మీదుగా డోన్ చేరి, అక్కడినుండి నంద్యాల వైపు పోవు రైలుమార్గమున బేతంచెర్ల అను ఊరు కలదు. 2022 నుండి అది నంద్యాల జిల్లాలో చేరినది. మనలో అనేకుల యిండ్లలో నేలకు పరచిన నున్నని బండల మూలమున ఆ ఊరి పేరు మీకు పరిచితమే. ఆ ఊరికి ఆగ్నేయమున కొద్ది కిలోమీటర్ల దూరమున, సున్నపురాతి కొండల నడుమ బిల్లసర్గము అను గవులు కలవు. కొందరు బిల్లస్వర్గమనియు అందురు.

1839లో ఈస్టిండియా కంపెనీవారు కర్నూలు నవాబును తొలగించి ఆ సీమను తమ పాలనలోనికి తెచ్చుకొనిరి. తరువాత అచ్చట తిరిగిన ఉద్యోగులలో కెప్టెన్ న్యూబోల్డ్ ఒకరు. ఆయన మద్రాసు సైన్యమునకు చెందినవారు. 1807లో ఇంగ్లండున జన్మించినవారు. సైనికుడైనను ఆయన మనస్సు ప్రయాణములయందును, రాళ్ళయందును, భాషలయందును లగ్నమై యుండెను. మలాకా జలసంధి ప్రాంతమును గూర్చి 1839లో రెండు సంపుటముల గ్రంథమును వెలువరించిరి. దక్షిణదేశమున తాము తిరిగిన చోటులందు నేల ఎట్లున్నది, కొండ ఏ రాతితో నేర్పడినది అను విషయములను వ్రాసికొనుట వారి అలవాటు. ఆయన బిల్లసర్గము గవులను చూచి, అందలి మట్టిలో ప్రాచీన జంతువుల ఎముకలున్నవని గుర్తించి, ఒక చిన్న వ్యాసము వ్రాసిరి. అది 1844లో బంగాళా ఆసియాటిక్ సొసైటీవారి పత్రికలో అచ్చయినది. 1850లో న్యూబోల్డ్ గారు మహాబలేశ్వరమున మరణించిరి.

ఆ తరువాత సుమారు నలుబది యేండ్లు ఆ గవుల మాట పండితలోకమున ఎత్తినవారు లేరు. పత్రిక సంపుటములు మాత్రము కలకత్తాలోను, లండనులోను అలమారులలో నుండెను.

ఇచ్చట ఒక్క మాట చెప్పవలెను. గవి తప్పిపోయినదని మనము వ్రాయునపుడు, ఎవరికి తప్పిపోయినది అని అడుగుట న్యాయము. బేతంచెర్ల చుట్టుపట్ల గొఱ్ఱెలను కాచువారికి అది ఎన్నడును తప్పిపోలేదు. ఎండవేళ దాని నీడ యెట్లుండునో, వానవేళ ఏ మూల తడవకుండునో వారికి తెలియును. వారికి తెలియనిది ఆ మట్టిలోని ఎముకల విలువ. కలకత్తాలోని పుస్తకమునకు ఎముకల సంగతి తెలియును, కొండదారి తెలియదు. ఒకే విషయము రెండు ముక్కలై, ఒక ముక్క కొండమీదను, ఒక ముక్క అలమారులోను నలుబది యేండ్లు వేరువేరుగా నుండెను. ఈ రెంటిని కలుపువాడు కావలసియుండెను.

ఈ నలుబది యేండ్లలో లోకము ఊరకుండలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల గుహలలో, ఇప్పుడు లేని జంతువుల ఎముకలతోపాటు మనుష్యుడు చెక్కిన రాతి పనిముట్లు బయటపడెను. మానవజాతి వయస్సు తాము తలచినదానికన్న మిక్కిలి ఎక్కువయని విద్వాంసులు ఒప్పుకొనసాగిరి. మన దేశమున 1863 మే 30వ తేదీన మద్రాసు సమీపమునందలి పల్లావరమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞునకు ఒక పాతరాతియుగపు పనిముట్టు దొరకెను. ఫుట్ గారు 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖలో చేరినవారు. దక్షిణదేశమును కాలినడకను, గుఱ్ఱముమీదను ఏండ్ల తరబడి కొలిచినవారు. 1844లో వింతగా మాత్రమే కనబడిన గవి ఎముకలకు ఇప్పుడు క్రొత్త అర్థము వచ్చినది. ఐరోపా గుహలలో దొరికినట్లు మన దేశపు గుహలలోను ప్రాచీన మానవుని జాడ దొరకునా అను ప్రశ్న పుట్టినది.

ఇంగ్లండులోని సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు థామస్ హెన్రీ హక్స్‌లీ గారు, దక్షిణదేశపు గుహలను పరిశోధింపవలెనని అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ గారికి సూచించిరి. ఆ పని ఫుట్ గారికి అప్పగింపబడెను. అప్పుడు ఫుట్ గారికి ఆధారమైనది న్యూబోల్డ్ వ్రాసిన పాత వ్యాసమే. ముప్పది యేండ్లకు పూర్వమే మరణించిన సహాధ్యాయి ఉత్తరమువలె, 1844 నాటి ఆ కాగితము 1883-84 నాటి మనుష్యునకు దారి చూపెను. ఆనాటికి బేతంచెర్లకు రైలు లేదు. ఫుట్ గారు ఆ సీమలోని గవులను చూచి, బిల్లసర్గమును గుర్తించి, తమ గమనికలను 1884లో భూగర్భశాఖవారి పత్రికలో ప్రకటించిరి. తరువాత త్రవ్వకపు పని వారి కుమారుడు, ఫిరంగిదళమున లెఫ్టినెంటుగా నుండిన హెన్రీ బ్రూస్ ఫుట్, చేసెను.

పాత ప్రయాణ వృత్తాంతమును పట్టుకొని ఒక స్థలమును వెదకుట ఎంత కష్టమో కొంచెము ఆలోచింపుడు.

మొదటి చిక్కు పేరు. పరభాషవారి చెవికి వినబడిన పేరు పరలిపిలో పడి మారిపోవును. న్యూబోల్డ్ ‘బిల్లా సూర్గమ్’ అని వ్రాసిరి. ఫుట్ ‘బిల్లా సుర్గమ్’ అనిరి. జనులు సర్గమనియు, స్వర్గమనియు అనుచున్నారు. ఈ రూపములన్నిటి అడుగున మన సొరంగము దాగియున్నట్లు తోచును. స్వర్గమని విని దేవలోకమును వెదకువాడు దారి తప్పును. సొరంగమని పట్టుకొన్నవాడు గవిని చేరును. ‘గుహ యెక్కడ?’ అని అడిగినవానికి దొరకని జవాబు ‘గవి యెక్కడ?’ అని అడిగినవానికి దొరకవచ్చును.

రెండవ చిక్కు దూరము. పాతవారు ఆమడ, కోసు, పరుగు అని లెక్కించెడివారు. కోసు కొలత ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరు. పైగా ఊరి నడుమనుండి లెక్కించిరా, ఊరి పొలిమేరనుండియా, తాము దిగిన బసనుండియా అన్నది వ్రాయనియెడల, పది కోసులు సరిగానే వ్రాసినను మనము కొండకు ఆవలి ప్రక్క నిలిచియుందుము.

మూడవ చిక్కు, గుర్తులు మారిపోవుట. దీనికి కొండలదాక పోనక్కరలేదు. మన పేట ప్రక్కనున్న మహాత్మాగాంధీ రోడ్డు ఒకనాడు జేమ్స్ వీథి. నూరేండ్ల క్రిందటి ప్రయాణికుడు ‘జేమ్స్ వీథిలో ఫలానా సత్రమున బస చేసితిని’ అని వ్రాసియుండిన, నేటి కుఱ్ఱవాడు ఆ వీథి యెక్కడనని అడుగును. రాంగోపాల్‌పేట పోలీసుఠాణా గడియారమువంటి గుర్తు ఒక్కటి ఆ వ్రాతలో నున్నయెడల వెంటనే పోల్చుకొనును. బేతంచెర్ల కొండలలోనే మరియొక గవి పేరు ముచ్చట్ల చింతమాను గవి. ఆ పేరే ఒక చిరునామా: ముచ్చట్ల యనుచోట చింతమాను దగ్గరి గవి. మన పల్లెజనుల పేర్లలో ఎంత భూగోళశాస్త్రమున్నదో చూడుడు! కాని మాను కూలిన తరువాత పేరును కూడ మరచితిమా, చిరునామా పోవును. ఆ గవిలో ప్రాచీన మానవులు వెలిగించిన పొయ్యి జాడ దొరకెను. అది పదునేడువేల సంవత్సరములకు పైబడినదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టి 1983లో ప్రకటించిరి. చింతమాను పేరు పెట్టిన పల్లెవానికి ఆ పొయ్యి సంగతి తెలియదు. పొయ్యి వయస్సు లెక్కకట్టినవారు ఆ పల్లెవాని పేరునే వాడుకొనిరి.

ఇక బిల్లసర్గమున దొరికిన వానిని గూర్చి. సున్నపురాతిలో వాననీరు చొరబడి, గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు గాలిని కలుపుకొని, రాతిని మెల్లగా కరగించుటవలన గవులేర్పడును. ఆ తరువాత వఱదమట్టి వచ్చి పొరలుపొరలుగా లోపల పేరుకొనును. దుమ్ములగొండి, ముండ్లపంది, గుడ్లగూబ మున్నగునవి తెచ్చిపడవేసిన ఎముకలును, అచ్చటనే చచ్చిన జంతువుల ఎముకలును ఆ పొరలలో చిక్కుకొనును. బయట పడియున్న ఎముక ఎండకు వానకు పొడియగును. గవిలో సున్నము దానిని కాపాడును. కనుక గవి మట్టి ఒక గ్రంథమువంటిది. క్రిందిపొర మొదటిపుట, పైపొర చివరిపుట.

ఫుట్ గారు అచ్చటి గవులకు ఒక్కొక్క పేరు పెట్టిరి. ఒకటి ‘కతీడ్రల్’, అనగా పెద్ద దేవాలయము. ఒకటి ‘చార్నెల్ హౌస్’, అనగా ఎముకలకొట్టు. ఇంకొకటి ‘పర్గెటరీ’, అనగా క్రైస్తవుల నమ్మికలో స్వర్గమునకు పోవుటకు ముందు ఆత్మలు శుద్ధిపొందు చోటు. త్రవ్వి తీసిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ అను విద్వాంసుడు పరీక్షించి 1886లో ఒక గ్రంథము ప్రకటించెను. నేడు కర్నూలు సీమలో ఖడ్గమృగము లేదు; ఆ ఎముకలలో ఖడ్గమృగము కలదు. దానికి లిడెకర్ పెట్టిన శాస్త్రీయనామములో మన కర్నూలు పేరు చేరినది: ‘రైనోసిరస్ కర్నూలియెన్సిస్’. బేతంచెర్ల కొండలలో ఖడ్గమృగములు తిరిగిన కాలము ఒకటి యుండెనని మనకు చెప్పినది ఆ గవి మట్టి.

కథ అక్కడ ముగియలేదు. ఇరువదియొకటవ శతాబ్దిలో ధారవాడ విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కొరిసెట్టర్ గారును, విదేశీయ విద్వాంసులును కలసి మరల బిల్లసర్గమునకు పోయిరి. 1844లో న్యూబోల్డ్ వ్రాత ఫుట్‌నకు దారి చూపినట్లు, 1884 నాటి ఫుట్ వ్రాత వీరికి దారి చూపెను. 2010లో వారు ప్రకటించిన వ్యాసమునకు పెట్టిన పేరునకు అర్థము ‘ఫుట్ అడుగుజాడలలో’ అని. ఏ గవికి ఏ పేరో, ఎచ్చట త్రవ్విరో, ఏ పొరలో ఏమి దొరికినదో వ్రాసియుంచుటచేతనే ఈ రెండవ చదువు సాధ్యమైనది. 2014లో ప్రకటింపబడిన ఫలితము చిత్రమైనది. అచ్చట గుర్తింపబడిన 21 రకముల క్షీరదములలో 20 రకములు, కనీసము లక్ష సంవత్సరములనుండియు, కొన్ని రెండు లక్షల సంవత్సరములనుండియు, నేటివరకు ఈ ఉపఖండమున వంశము నిలుపుకొనియున్నవని తేలినది. అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా ఖండములలో ఇదే కాలమున పెద్ద జంతువులనేకము నశించెను. మన దేశమున అవి ఒకచోట తగ్గి, ఇంకొకచోట తలదాచుకొని బ్రతికినవి. కర్నూలున లేకపోయిన ఖడ్గమృగజాతి అస్సామున నేటికిని ఉన్నది. ఇది నేర్చుకొనుటకు ఒక సైనికుని చిన్న వ్యాసము మూలమైనదని మరువరాదు.

ఇట్టిదే బెలుము గవుల కథయు. అవి అదే జిల్లాలో కొలిమిగుండ్ల ప్రక్కన కలవు. 1884లో వానిని గూర్చియు వ్రాసినది బ్రూస్ ఫుట్ గారే. ఆ వ్రాత ఇంచుమించు ఒక శతాబ్దము ఎదురుచూచెను. 1982-84 నడుమ గెబాయర్ అను జర్మను దేశీయుడును ఆయన మిత్రులును వచ్చి, స్థానికుల తోడ్పాటుతో లోపల ప్రవేశించి కొలతలు తీసిరి. పొడవు 3,229 మీటర్లని తేలినది. అంతటి వింతను ఒక కాలమున చుట్టుపట్లవారు చెత్త పారవేయు గోతిగా వాడుకొనిరి. తరువాత స్థానికులు, అధికారులు పూనుకొని శుభ్రము చేసిరి. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేపట్టి, దీపములు, దారులు అమర్చగా, 2002లో ప్రజలకు ప్రవేశము లభించినది. చెత్తగుంటకును, లోకము చూడవచ్చు వింతకును నడుమ భేదము రాతిలో లేదు. దానిని గూర్చి తెలిసికొనుటలో నున్నది.

ఈ విషయమున మన ముందు ఒక ప్రమాదమును కలదు. గవులున్న ఆ సున్నపురాతి సీమయే బండలకును ప్రసిద్ధి. బండలు కోయుట వేలమందికి కూడు పెట్టు వృత్తి. దానిని నిందించుట నా ఉద్దేశ్యము కాదు. కాని త్రవ్విన మట్టిని తిరిగి పొరలుగా పేర్చుట ఎవరివలనను కాదు. పుస్తకమునకు రెండవ ప్రతి యుండవచ్చును. గవికి రెండవ ప్రతి లేదు. పేరు, చోటు, కొలత, అందున్నదేమో వ్రాసియున్న గవిని గూర్చి ‘మాకు తెలియదు’ అని ఎవరును అనజాలరు. వ్రాయని గవి ఒక రాత్రిలో కంకరయై పోయినను అడుగువారుండరు.

ప్రయాణవృత్తాంతము వ్రాయుట దొరలకే చెల్లునని ఎవరైన అనుకొనినచో, ఏనుగుల వీరాస్వామయ్య గారిని తలచుకొనుడు. న్యూబోల్డ్ బిల్లసర్గమును గూర్చి వ్రాయుటకు ముందే, 1830 మే నెలలో ఆయన చెన్నపట్టణమున బయలుదేరి, కడప, కర్నూలు సీమల మీదుగా శ్రీశైలమును చూచి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరెను. ఏ ఊరిలో నీరు దొరకును, ఏ దారి యెట్లున్నది, ఎచ్చట ఏమి అమ్ముదురు అని వ్రాసెను. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. నూరేండ్ల తరువాత దిగవల్లి వేంకటశివరావు గారు దానిని మరల వెలుగులోనికి తెచ్చుటచేత 1941 నాటి పాఠకులకును, నేటి మనకును అది దక్కినది. వ్రాసినవా రొకరు, దాచినవారు మరికొందరు, వెదకి తీసినవా రొకరు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నను ఆ దారి మనకు మూసికొనిపోయెడిది.

గ్రంథాలయము చేయు పని ఈ ముగ్గురిలో నడిమివారిది. దానికి పేరు రాదు. ఆసియాటిక్ సొసైటీవారి అలమారులో 1844 నాటి సంపుటమునకు దుమ్ము దులిపినవారి పేరు మన మెవ్వరమును ఎరుగము. ‘నలుబది యేండ్లనుండి దీనిని ఎవరును అడుగలేదు, తూకమునకు అమ్మివేయుదము’ అని అతడు తలచియుండినచో ఫుట్ గారికి ఆధారము దొరకెడిది కాదు. చదువువారు లేని పుస్తకము వ్యర్థమని తొందరపడి తీర్మానింపరాదు.

కాని దాచుట యొక్కటే చాలదు. పుస్తకపు తెలివియు, కాపరి తెలివియు కలియవలెనంటిని. పల్లెలోగాని పేటలోగాని ఆ రెండు తెలివులు ఒకే చాప మీద కూర్చుండదగిన చోటు గ్రంథాలయము. కనుక ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి ఒక విన్నపము చేయుచున్నాను. ఒక గట్టి అట్ట పుస్తకమును తెప్పించి ‘మన చోటుల పుస్తకము’ అని పేరుపెట్టి ఇచ్చట ఉంచుడు. పెద్దలు వచ్చి చెప్పుదురు గాక. అక్షరము వచ్చిన పిల్లలు వ్రాయుదురు గాక. చందాదారులలో అనేకులకు పల్లెలలో స్వగ్రామములున్నవి. అచ్చటి గవులు, కోనేళ్ళు, వీరగల్లులు, పూడిపోయిన బావులు కూడ అందు చేరవచ్చును.

వ్రాయునపుడు ఐదు విషయములు మరువవలదు. మొదటిది, ఆ చోటి పేరు స్థానికులు పలికినట్లే వ్రాయుడు, దిద్దవలదు. రెండవది, దూరమును ఎక్కడినుండి లెక్కించిరో చెప్పుడు, దిక్కు తెలుపుడు. మూడవది, చెట్టునుగాక కొండకొమ్ము, బండ, వాగు మలుపు వంటి కదలని గుర్తును చూపుడు. నాలుగవది, కంట చూచినదానిని, చెవిని విన్నదానిని వేరువేరుగా వ్రాయుడు. ఐదవది, తేదీ వేయుడు. నేడు చేతి ఫోనులోనే అక్షాంశ రేఖాంశములు తెలియుచున్నవి. వానినికూడ చేర్చిన మంచిదే. అయినను అంకె ఒక్కటి తప్పు పడినయెడల మనుష్యుని ఎడారిలో నిలబెట్టును. వాగు మలుపు అట్లు చేయదు. కనుక రెండును ఉండవలెను.

గవి కనబడినంతనే త్రవ్వవలదనికూడ పిల్లలకు చెప్పుడు. ఎముకగాని, రాతి పనిముట్టుగాని కంటబడిన, దానిని పొరనుండి పెరికి జేబులో వేసికొన్నవాడు గ్రంథమునుండి పుట చింపినవానితో సమానుడు. చూచి, వ్రాసి, పురావస్తుశాఖవారికి తెలియజేయుట సరియైన పని.

ఇట్లు వ్రాసిన పుస్తకమును రేపే ఎవరో వచ్చి అడుగుదురని నేను చెప్పజాలను. న్యూబోల్డ్ వ్రాసిన నలుబది యేండ్లకు ఫుట్ గారు వచ్చిరి; బెలుమును గూర్చి ఫుట్ గారు వ్రాసిన నూరేండ్లకు గెబాయర్ వచ్చెను. మన పుస్తకము చదువవలసినవాడు ఇంకను పుట్టియుండక పోవచ్చును. అతడు వచ్చునాటికి అలమారు నిలిచియుండవలెను, అందు పుస్తకముండవలెను, అందలి వ్రాత నిజమైనదై యుండవలెను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొనునాటికి ఆ పుస్తకము సగమైనను నిండియుండునని ఆశించుచున్నాను.